కుళ్లని గుమ్మడికాయ

మా ఇంట్లో వస్తువులు పోవు. నాకు కనిపించవు, అంతే. కళ్లజోడు, ఫోను, కరెంటు బిల్లు, ఎడమకాలి చెప్పు, ఏదైనా సరే, నేను ఇల్లంతా తిరగేసి, గొంతు చించుకుని, ఇది కచ్చితంగా దొంగల పనేనని తేల్చేశాక మా ఆవిడ వస్తుంది. నా మోచేతి పక్క నుంచే ఆ వస్తువు తీసి చేతిలో పెడుతుంది. పెట్టి ఊరుకుంటే బాగుండు. "ముంగటున్నది కనవడకపాయె, ఆ కండ్లు ఎందుకయ్యా నీకు?" అని గల్లీ అంతా వినపడేలా అడుగుతుంది.

ఇక నేను దాచుకున్నవాటి సంగతి చెప్పనక్కరలేదు. దవాఖానలో నాకు షుగర్ ఉందని చెప్పిన వారం నుంచే ఇంట్లో లడ్డూలు దాచుకోవడం మొదలుపెట్టాను. మేకుల డబ్బాలో దాచాను, పాత రేడియో వెనక మూత విప్పి దాచాను, చలికాలం దుప్పట్ల మధ్య దాచాను. ఒక్క లడ్డూ కూడా రెండో పూట చూడలేదు. ఎట్లా కనిపెట్టావే అంటే ఒకసారి చీమలు చెప్పాయన్నది, ఇంకోసారి నా మొహమే చెప్పిందన్నది. పెళ్లిలో బిందెలో ఉంగరం వేసి వెతికిస్తారు కదా, అందులో మూడుసార్లూ ఉంగరం ఆమెకే దొరికింది. నాకు ఆ రోజే బుద్ధి రావలసింది.

నేను ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో, ఫిజిక్స్ ల్యాబులో అసిస్టెంటును. ఒకరోజు ఆఖరి సంవత్సరం పిల్లలు ప్రయోగం వదిలేసి ఫోన్లు పట్టుకుని కిటికీ దగ్గర మూగితే గట్టిగా కేకలేశాను. వాళ్లు భయపడకపోగా నన్నే కూర్చోబెట్టి పాఠం చెప్పారు. ప్రపంచమంతా ఆడే దాగుడుమూతల ఆట ఒకటి ఉందట. ఇందులో మనుషులు దాక్కోరు, డబ్బా దాక్కుంటుంది. ఒకరు డబ్బాను ఎక్కడో దాచి, ఆ జాగా గుర్తులను ఫోను యాప్‌లో పెడతారు. మిగతావాళ్లు ఫోను చూసుకుంటూ వచ్చి వెతుక్కుంటారు. దొరికితే లోపల ఉన్న కాగితం మీద పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టి పోతారు. ఆ డబ్బాను జియోకాష్ అంటారు.

"అన్నా, డబ్బా డబ్బా లెక్క కనవడొద్దు. గదే మొత్తం కథ," అన్నాడు ఒకడు. "రాయి లెక్కనో, కట్టె లెక్కనో, గోడకు కొట్టిన బోల్టు లెక్కనో చేస్తరు. అందరు చూడాలె, ఎవ్వలు ముట్టొద్దు."

నాకు మొదట నవ్వొచ్చింది, తరువాత ఒళ్లు జలదరించింది. వస్తువులు దాచడానికి ఇంత పెద్ద శాస్త్రం ఉందని యాభై దాటేదాకా నాకు ఒక్కడూ చెప్పలేదు.

ఆ రోజుల్లో మా ఇంట్లో స్కూటర్ గొడవ నడుస్తోంది. మా పెళ్లినాటి స్కూటర్ అది. గేటు పక్కన, రేకుల కింద నిలబడి ఉంటుంది. నిలబడి ఉంటుంది అన్నానంటే కదలదని అర్థం. మెకానిక్కులు ఒకరి తరువాత ఒకరు చేతులెత్తేశారు. అయినా నేను పొద్దున్నే చాయ్ గ్లాసుతో దాని సీటు మీదే కూర్చుని పేపరు చదువుతాను. నాకు ఆ బండంటే ప్రేమ. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. ఆదివారం ఆదివారం తుడుస్తాను కూడా.

మా ఆవిడకు ఆ జాగా కావాలి. గేటు ముందు రేకుల కింద ఆమె జొన్నరొట్టెల కొట్టు పెట్టుకున్నది. బండి పోతే అక్కడ నాలుగు స్టూళ్లు వేయొచ్చని, తినేవాళ్లు నిలబడాల్సిన ఖర్మ ఉండదని ఆమె వాదన. ఆ కొట్టుకో చరిత్ర ఉంది. అప్పటికి రెండుసార్లు తెరిచి రెండుసార్లు మూసేసింది. ఆమె రొట్టెకు వంక పెట్టడానికి లేదు. పల్చగా, అంచులు చీలకుండా, పెంక మీద వేస్తే పూరీలా పొంగుతుంది. కానీ మరిగిన నీళ్లు పోసి పిండి పిసకాలి, కొట్టాలి, కాల్చాలి, ఎల్లిపాయ కారం పెట్టి పొట్లం కట్టాలి, చిల్లర ఇయ్యాలి. ఇదంతా చేసేలోగా ముగ్గురు నిలబడితే ఇద్దరు వెళ్లిపోయేవాళ్లు. ఆ టైములో నేను లోపల వార్తలు చూసేవాణ్ని.

ఆమె లెక్క వేరు. రెండుసార్లూ కొట్టుకు బూడిద గుమ్మడికాయ కట్టింది. మా దగ్గర కొత్త ఇంటికైనా కొట్టుకైనా గుమ్మం ముందు దిష్టికి ఆ కాయ వేలాడదీస్తారు. చూసేవాళ్ల కళ్లలోని చెడంతా అది మింగుతుంది. ఎక్కువ మింగితే తొందరగా కుళ్లుతుందంటారు. మొదటి కాయ నెల తిరగకముందే మెత్తబడి, ఒకాయన రొట్టె పొట్లం మీద చుక్కలు చుక్కలుగా కారింది. రెండోది తాడుతో సహా పెంక పక్కన పడింది. "ఎంత దిష్టి ఉంటే గిట్లయితది," అని రెండుసార్లూ ఆమె పొయ్యి ఆర్పేసింది. మూడోసారి శ్రావణంలో మొదలుపెడతానన్నప్పుడు ఒక్క మాట చెప్పింది. "గీసారి గుమ్మడికాయ ఖరాబయిందంటే ఇగ నా జిందగీల పెంక ముట్ట."

ఆ మాట నేను సగమే విన్నాను. నా బుర్ర నిండా డబ్బా ఉంది.

"పందెం కాద్దామా?" అన్నాను ఆ రాత్రి అన్నం తింటూ. "నేనొక డబ్బ దాచిపెడ్త. దాంట్ల బండి తాళంచెవి ఉంటది. దసరా దాక టైమ్. దొరకవట్టినవనుకో, బండిని పాత ఇనుముకు ఏసుకో. దొరకకపోతే బండి ముచ్చట మళ్ల ఎత్తొద్దు."

"దసరా దాక ఎందుకయ్యా, రెండు దినాలు సాలు," అన్నది మా ఆవిడ. "ఒకలింట్ల పెట్టొద్దు, తాళమేసిన కాడ పెట్టొద్దు, మన గేటు కాడ నిలవడితె కనవడాలె. గంతే."

ఆ ధైర్యం చూసి నాకు కోపం వచ్చింది. కోపంలో మనిషి బాగా పనిచేస్తాడు.

మొదట రాయి చేశాను. ప్లాస్టిక్ డబ్బా చుట్టూ సిమెంటు, సన్న కంకర, పైన కొంచెం మట్టి. నిజంగా మా ఊరి గుట్ట మీది రాయిలాగే వచ్చింది. ఆరడానికి గేటు బయట పెట్టి స్నానం చేసి వచ్చేసరికి లేదు. పక్కింటాయన దాన్ని తన ట్రాలీ ఆటో వెనక చక్రం కింద అడ్డం పెట్టుకుని పెద్ద అంబర్‌పేట్ వెళ్లాడట, ఎక్కడో దించి మరిచిపోయాడట. రెండోసారి రంపపు పొట్టుతో పిడక చేశాను. దాన్ని ఎవరో నీళ్లు కాగబెట్టుకోవడానికి పొయ్యిలో పెట్టారు. ప్లాస్టిక్ కాలిన వాసన మా గల్లీ దాటి బస్టాండు దాకా వచ్చింది. అదృష్టం బాగుండి అప్పటికింకా తాళంచెవి నా జేబులోనే ఉంది.

అప్పుడు అర్థమైంది. ఆ యాప్‌లో చూపించే అడవులూ కొండలూ వేరు, ఇబ్రహీంపట్నం వేరు. ఇక్కడ రోడ్డు మీద ఉన్న ఏ వస్తువైనా ఎవరికో ఒకరికి పనికొస్తుంది. ఇటుక ముక్క కనపడితే తీసుకుపోతారు, కట్టె కనపడితే తీసుకుపోతారు, ఫ్లెక్సీ బ్యానరైతే కట్టిన సాయంత్రమే కోళ్లగూడు మీద కప్పేస్తారు. అందరూ చూసి ఎవరూ ముట్టని వస్తువు ఏదా అని సాగర్ రోడ్డు వెంట రెండు సాయంత్రాలు తిరిగాను. మూడు దారుల దగ్గర పసుపు పూసిన నిమ్మకాయ ఒకటి పడి ఉంటే, లారీ కూడా దాన్ని తప్పించి పోయింది. అక్కడే నిలబడిపోయాను. ఇంటికి తిరిగొచ్చి చూస్తే మా రేకుల కింద, పెంక పెట్టే చోటు అంచుకు పైన, పాత గుమ్మడికాయ కట్టిన కొక్కెం ఖాళీగా ఉంది.

గుమ్మడికాయను తయారు చేయడం అనుకున్నంత సులువు కాదు. కాలేజీ ల్యాబులో, తలుపు దగ్గరికేసి చేశాను. మధ్యలో మూత తిప్పే పచ్చడి జాడీ. దాని చుట్టూ థర్మోకోల్ ముక్కలు. వాటి మీద నానబెట్టిన పేపరు, మైదా ఉడికించిన లై. ఒక పొర ఆరాక ఇంకో పొర. మొదట వచ్చింది గుమ్మడికాయ కాదు, సొరకాయకు కడుపొచ్చినట్టుంది. చెక్కి, గీకి, మళ్లీ అతికించాను. లేత ఆకుపచ్చ రంగు వేసి, పైన ఆ బూడిద రావడానికి సున్నం, విభూతి కలిపి దూదితో అద్దాను. తొడిమ మాత్రం అసలుదే. అంగడిలో పారేసిన కాయకు కోసుకొచ్చి జాడీ మూతకు అతికించాను. తొడిమ పట్టుకుని తిప్పితే మూత వస్తుంది. బరువు కోసం అడుగున ఇసుక పోసి పైన అట్ట బిగించాను. తాళంచెవి వేసి, పేర్లు రాసుకునే కాగితం చుట్ట పెట్టి, మూత తిప్పి చూసుకున్నాను. నా చేతులతో నేను ఒక వస్తువు అంత శ్రద్ధగా చేయడం అదే మొదలు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

శ్రావణం ముందు అమావాస్య నాడు మా ఆవిడ అసలైన గుమ్మడికాయకు పసుపు రాసి, బొట్లు పెట్టి, దండం పెట్టి, కట్టమని నా చేతికిచ్చి లోపలికి పోయింది. నేను స్కూటర్ వెనక దాచిన నాదానికి అదే పద్ధతిలో బొట్లు పెట్టి కొక్కేనికి కట్టాను. అసలుదాన్ని సంచిలో వేసుకుని కాలేజీకి పట్టుకెళ్లి ల్యాబు బీరువాలో పెట్టాను. పూజ చేసిన కాయను పారేయడానికి నాకు చేతులు రాలేదు.

ఆమె బయటికొచ్చి పైకి చూసింది. నేను వంగి స్కూటర్ చక్రం చూస్తున్నట్టు నటించాను.

"మంచిగున్నది," అని పొయ్యి వెలిగించింది.

పందెం మొదలైంది. ఆమె పూలకుండీలు ఎత్తి చూసింది, మోరీ పలకలు ఎత్తి చూసింది, ఎదురింటి మీటరు డబ్బాను తట్టి చూసింది. నేను స్కూటర్ మీద కూర్చుని పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను. మొదటి వారం నా జీవితంలో ఉత్తమమైన వారం. రెండో వారం నుంచి ఆమె వెతకడం తగ్గించింది. ఓటమి ఒప్పుకోవడానికి మొహం చెల్లట్లేదనుకున్నాను.

కానీ దాచినవాడికి నిద్ర ఉండదని ఎవరూ చెప్పలేదు. రొట్టె తినడానికొచ్చిన వాళ్లు చేయి పైకెత్తి ఒళ్లు విరుచుకుంటే నాకు చెమటలు పట్టేవి. పొడుగాయన ఒకడు వచ్చి తలతో దాన్ని రాసుకుంటూ నిలబడేవాడు. ఇక లాభం లేదని ఐదు కొట్టగానే కాలేజీ నుంచి నేరుగా వచ్చి కొట్టు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. ఊరికే కూర్చుంటే అనుమానమొస్తుందని పొట్లాలు కట్టాను. పొట్లాలు కడుతూ చిల్లర ఇచ్చాను. ఒకరోజు ఆమె పిండి పళ్లెం నా ముందుకు జరిపింది, నేను పిసికాను. కొన్నాళ్లకు నా రొట్టె కూడా గుండ్రంగా రావడం మొదలైంది. పెంక మీద పొంగేది కాదు గానీ, చీలేది కూడా కాదు. నిలబడ్డ ముగ్గురిలో ముగ్గురూ రొట్టె పట్టుకునే వెళ్లేవారు. వేరే వీధుల నుంచి రావడం మొదలుపెట్టారు. నా ధ్యాస మాత్రం పైనే.

గుమ్మడికాయ కుళ్లలేదు. ఎట్లా కుళ్లుతుంది? నెల దాటినా తళతళా అట్లాగే ఉంది. గల్లీలో ఆడవాళ్లంతా వచ్చి చూసిపోయారు. పక్కింటాయన ఒక సాయంత్రం నా భుజం మీద చేయి వేసి, "అన్నా, గీ గుమ్మడికాయ..." అనగానే, "నిజమైనదే!" అని అరిచాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉందని నాకే అనిపించింది. పాపం, ఆయన ఏ అంగడిలో కొన్నానని అడగబోయాడు.

అవతల కాలేజీలో అసలైన గుమ్మడికాయ మూడు వారాలకే బీరువాలో కుళ్లి నీరైంది. ల్యాబంతా కంపు. మా ఫిజిక్స్ మేడమ్ ఏదో రసాయనం కారుతోందని పిల్లలను బయటికి పంపేసింది. నేను ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆ కాయను ఎత్తి బయటికి మోస్తున్నప్పుడు ఒక ఆలోచన తట్టింది. ఇదే కొట్టు మీద ఉండి ఉంటే మా ఆవిడ ఈపాటికి పొయ్యి ఆర్పేసి ఉండేది. ఈసారి ఆర్పితే మళ్లీ వెలిగించదు. ఆమె శ్రావణానికి ముందు చెప్పిన మాట అప్పుడు పూర్తిగా వినపడింది.

అప్పటిదాకా ఆటగా ఉన్నది అక్కడి నుంచి ఆట కాకుండా పోయింది.

అసలు భయం యాప్ వల్ల వచ్చింది. కాయ కట్టిన రోజే, గొప్ప కోసం, నా డబ్బా జాగాను ఆ పిల్లలు చెప్పిన యాప్‌లో కూడా పెట్టేశాను. ఒక సాయంత్రం ఒక అమ్మాయి బొంగులూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగి, హెల్మెట్ చంకలో పెట్టుకుని, ఫోను చూసుకుంటూ మా గల్లీలోకి వచ్చింది. నాలుగడుగులు ముందుకు, రెండడుగులు వెనక్కి. గోడ వంక చూసింది, మోరీ వంక చూసింది, మళ్లీ ఫోను. మా దగ్గర ఫోను పట్టుకుని నేల చూస్తూ నడిచే మనిషి కనపడితే ఒకటే అర్థం, భూమి కొలుస్తున్నారు. క్షణంలో పదిమంది చేరారు.

"మేడం, ఏ సర్వే నంబరు?" అన్నాడొకడు.

"రోడ్డు ఎడల్పు చేస్తున్నరా?" అన్నాడింకొకడు.

పక్కింటాయన మెట్లు రోడ్డు మీదికి వచ్చి ఉంటాయి. ఆయన పరుగున వెళ్లి చాయ్ తెచ్చి ఆ అమ్మాయి చేతిలో పెట్టి, "బిడ్డా, గీ మెట్లు మా బాపు కాలం నుంచి ఉన్నయ్. జర చూడు," అని బతిమాలాడు. ఆ పిల్ల బెదిరిపోయి, తాను వచ్చింది ఆటకని చెప్పింది. ఎవరూ నమ్మలేదు. మా ఆవిడ జాలిపడి కూర్చోబెట్టి రొట్టె పెట్టింది. తింటూ తింటూ ఆ పిల్ల తల పైకెత్తింది. ఫోను చూసుకుంది, గుమ్మడికాయను చూసింది. తెలివైన పిల్ల. మెల్లగా లేచి చేయి చాపింది.

నేను కళ్లు మూసుకున్నాను.

"ముట్టకు బిడ్డా," అన్నది మా ఆవిడ గట్టిగా. "దిష్టిది. ముట్టుకుంటె నీకు తగుల్తది."

చేరిన పదిమందీ ఒకేసారి వద్దు వద్దన్నారు. ఆ పిల్ల చేయి వెనక్కి తీసుకుని, రొట్టె ముగించి, పక్కింటాయనకు మెట్లు కూల్చబోరని మాట ఇచ్చి వెళ్లిపోయింది. వెతికాను దొరకలేదని యాప్‌లో రాసింది. నేను లోపలికి వెళ్లి చల్లటి నీళ్లు తాగాను.

తరువాత వానలు. ఆ యేడు మా చెరువు నిండేంత వాన పడింది. ఒకరోజు ఈదురుగాలికి జల్లు రేకుల కిందికి కొట్టింది. నేను కాలేజీ నుంచి తడుచుకుంటూ పరిగెత్తుకొచ్చేసరికి గుమ్మడికాయకు ఒకవైపు సున్నం కొట్టుకుపోయి పేపరు పొర కనిపిస్తోంది. "సినిమా" అనే అక్షరాలు కూడా చదవొచ్చు. ఆమె లోపల జొన్నపిండి జల్లిస్తోంది. పొద్దున్నే లేచి ఎట్లాగో సరిచేయాలనుకున్నాను. పొద్దున చూస్తే ఆ చోటంతా మళ్లీ తెల్లగా ఉంది. కొట్టు దగ్గర పిండి ఎగిరి తడి మీద అతుక్కున్నదేమో, దేవుడు నా వైపు ఉన్నాడు అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

ప్రతి మంగళవారం ఆమె స్టూలెక్కి దానికి బొట్టు పెట్టి అగరుబత్తి తిప్పేది. నేను లైతో అతికించిన పేపరు ముద్దకు ఆమె అంత భక్తిగా దండం పెడుతుంటే నేను తల తిప్పుకునేవాణ్ని. దసరా దగ్గరపడింది. పందెం నేను గెలిచినట్టే. గెలిచానని చెప్పాలంటే గుమ్మడికాయ దించి మూత తిప్పి తాళంచెవి చూపించాలి. ఇన్నాళ్లూ నీ కొట్టుకు దిష్టికని కట్టింది పేపరు ముద్దే అని చెప్పాలి. ఆ తరువాత ఆమె పెంక ముట్టుకుంటుందా? చెప్పకపోతే గెలిచినట్టు రుజువుండదు, నా బండి పోతుంది. పొద్దున బండి సీటు మీద కూర్చుని చాయ్ తాగుతూ దాని హ్యాండిల్ నిమిరాను. నాకు ఏడుపొచ్చింది. ఇది కూడా సిగ్గులేకుండానే చెబుతున్నాను.

దసరా ముందు రోజు సాయంత్రం పాత సామాన్ల ఆటోను నేనే పిలిచాను. పండగకు ఇండ్లు దులుపుతారు కాబట్టి అది గల్లీగల్లీ తిరుగుతోంది. మా ఆవిడ పెంక ముందు ఉంది, నలుగురు రొట్టెల కోసం నిలబడి ఉన్నారు.

"నేనే ఓడిపోయిన," అన్నాను అందరి ముందే. "డబ్బ నాకే దొరుకుతలేదు. ఏడ పెట్టిన్నో యాదికి లేదు. బండి తీస్కపొమ్మను."

నా గురించి తెలిసిన వాళ్లెవరైనా నమ్మే అబద్ధం అది. ఆటో అతను బండి చుట్టూ తిరిగి హ్యాండిల్ ఊపి చూశాడు.

"అన్నా, హ్యాండిల్ లాక్ ఉన్నది. తాళంచెవి ఏది?"

"పోయింది."

"పోలే," అన్నది మా ఆవిడ రొట్టె తిప్పుతూ, తల ఎత్తకుండానే. "నా నెత్తిమీద ఏలాడుతున్నది."

నిలబడ్డ నలుగురూ పైకి చూశారు.

"ఎప్పటి సంది ఎరుక నీకు?" అన్నాను.

"రెండో మంగళారమే. బొట్టు పెడ్తాంటె లోపల గల్లుమన్నది. గుమ్మడికాయల గింజలు గట్ల మోగుతయా? గింత పనితనం చేసినోనివి, తాళంచెవికి ఇంత గుడ్డ పేలిక చుట్టకపోతివి."

"మరి వానకు సున్నం పోయిన కాడ..."

"జొన్నపిండి తడిపి నేనే పూసిన. నీకు కనవడదని ఎరుకే. నీకేది కనవడ్డది గనుక."

"ఆ పిల్లను ముట్టొద్దన్నది?"

"నేనే అన్న. ముడితె దిగుతుండె గద."

నాకు కోపం వచ్చింది. రెండు నెలలు నేను పడ్డ చెమటలు గుర్తొచ్చాయి. "దొరికిందని ఆనాడే చెప్తె అయిపోతుండె! బండి పోతుండె, నీకు జాగ వస్తుండె. ఎందుకు చెప్పకపోతివే?"

ఆమె కాలిన రొట్టెను గంపలో వేసింది. ఇంకోటి పెంక మీద పరిచి, తడిగుడ్డతో అద్దింది. అప్పుడు తల ఎత్తింది.

"చెప్తె దాన్ని దించాలె గద. రెండుసార్లు కొట్టు పెట్టిన. ఒక్కదాన్నే కొట్టిన, ఒక్కదాన్నే కాల్చిన, ఒక్కదాన్నే బంద్ చేసిన. గీసారి గా గుమ్మడికాయను ఎవలన్న ఎత్తుకపోతరేమోనని నువ్వు దినాం ఐదు కొట్టంగనే వచ్చి ఈడ కూసుంటున్నవ్. అది దిగిందంటె నువ్వు లోపలికి పోయి టీవీ పెట్టుకుంటవ్. నేను దినాం మొక్కింది దేనికనుకున్నవ్? అది గట్లనే ఉండాలెనని మొక్కిన."

పెంక మీద రొట్టె పొంగింది. నాకు ఏం చేయాలో తెలియక ఆ రొట్టెను తిప్పాను. చేయి కాలింది.

"ఓడింది నేను," అన్నది ఆమె. "నాకు డబ్బ దొరకలే. బండి ఉండనియ్యి."

"నేను ఒప్పుకున్న కద ఓడిపోయిన్నని? బండి పోనియ్యి, స్టూళ్లు ఏసుకో."

"నాకేం అవసరం లేదు నీ ఓటమి."

"ముందు నేనన్న!"

"అన్నా, వదినా," అన్నాడు ఆటో అతను చేతులు జోడించి, "ఎవలో ఒకలు జర గెలువుండ్రి. నాకు తుక్కుగూడ దాక పోవాలె, లేటయితున్నది."

ఎవరమూ గెలవలేదు. అతను రెండు రొట్టెలు తిని, పాత సామాన్లు కొంటామని అరిచే మైకు మళ్లీ పెట్టుకుని వెళ్లిపోయాడు. మరునాడు పండగకు నేను బండి కడిగి బొట్టు పెట్టి, నిజమైన గుమ్మడికాయ దాని ముందు పగలగొట్టాను. సీటు మీద ఒక చెక్క పరిచాను. ఇప్పుడు ఇద్దరు దాని మీద, ఒకరు కాళ్లు పెట్టుకునే చోట కూర్చుని రొట్టె తింటున్నారు. గుమ్మడికాయ లోపల లడ్డూ గిట్ల పెట్టేవు, చీమలు పడతాయని ఆమె ముందే హెచ్చరించింది. అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు.

యాప్‌లో నా డబ్బాను ఇప్పటికీ ఎవరూ కనుక్కోలేదు. ఎవరైనా వచ్చి చేయి చాపితే ముట్టకు బిడ్డా అని ఇద్దరం ఒకేసారి అంటాం. దాన్ని ఎవరూ ఎత్తుకుపోరని నాకు ఇప్పుడు బాగా తెలుసు. అయినా ఐదు కొట్టేసరికి వచ్చి, చేతులు కడుక్కుని, పిండి పళ్లెం ముందు కూర్చుంటాను.